ధూళి అంటే ఏమిటి?



ఝపటాపూర్ సంగత్‌లోని సిక్లిగర్ కుటుంబాల పెద్దలకు, తల్లులకు, పిల్లలకు ఈ పాఠం.

1. మన ఇంటి మాటల్లో

ఖరగ్‌పూర్‌ది ఎర్రనేల. ఎండాకాలం గాలి వీస్తే గడప దాకా దుమ్మే. ఆకురాయి పట్టినప్పుడు రాలేది రజను. పశువులు ఇంటికి మళ్ళే వేళ గోధూళి. తిట్టడాన్ని దుమ్మెత్తి పోయడం అంటాము. మోసగించడాన్ని కళ్ళలో దుమ్ము కొట్టడం అంటాము. ఇలా వాడుకలో దుమ్ము ఎక్కువగా చులకన మాటే.

2. గుర్బాణీలో

అక్కడ ధూర్, రేణ్, ఖాక్ అనే మాటలు వస్తాయి. రేణ్ అంటే మన రేణువే. సాధుజనుల పాదధూళి కావాలని గురువులు వేడుకున్నారు. హౌమై, అంటే ‘నేను’ అనే గర్వం, విడిచి సత్సంగంలో వినయంగా కూర్చుని నేర్చుకోవడమే దాని భావం. మట్టిని చులకన చేయవద్దని షేక్ ఫరీద్ జీ సలోకులలోనూ బోధ ఉంది.

3. ఏది కాదు

కొందరు ఎవరో బాబా కాళ్ళ కింది మట్టిని పొట్లం కట్టి తెచ్చి, జ్వరం వచ్చిన బిడ్డ నాలుకపై వేస్తారు. గుర్బాణీ చెప్పిన ధూళి ఇది కాదు. బిడ్డను వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. అర్దాస్ కూడా చేయాలి. పూర్వం సిక్కు దీక్ష చరణ్ పాహుల్‌తో జరిగేది. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురు గోబింద్ సింగ్ జీ ఖండే దీ పాహుల్ ఇచ్చారు. ఇనుప బాటాలోని నీటిని ఖండాతో కలిపి అమృతం తయారుచేశారు. ఇక ఏ మనిషి పాదాన్నీ ఆశ్రయించే పని లేదు.

4. మన వృత్తిలో

సైకల్ అంటే మెరుగుపెట్టడం. సిక్లిగర్ అనే పేరు దాని నుంచే వచ్చింది. తుప్పు రాలితేనే ఉక్కు మెరుస్తుంది. గర్వం రాలితేనే మనసు మెరుస్తుంది. తండ్రి చొక్కాపై రజను చూసి పిల్లలు సిగ్గుపడనక్కరలేదు. అది కిరత్ గుర్తు, నిజాయితీ కష్టార్జితం. అయితే సానపట్టేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోండి. ఒంటిని కాపాడుకోవడం వినయానికి అడ్డు కాదు.

5. ఆచరణ

గురుద్వారాలో జోడాఘర్ సేవ చేయండి. సంగత్ చెప్పుల దుమ్ము తుడిచే చేతికి కులం, ధనం, హోదా గుర్తుకు రావు. పాదధూళి పాఠం అక్కడే అర్థమవుతుంది.

పిల్లలకు ప్రశ్నలు

1. రజను, ధూళి: తేడా ఏమిటి?
2. పాదధూళి కోరడంలోని భావం ఏమిటి?
3. 1699లో దీక్షా విధానం ఎలా మారింది?