బొమ్మతో కథ చెప్పిన వడ్డాది పాపయ్య



మనలో చాలామందికి తండాలో లంబాడీ, బడిలో తెలుగు. నేను కొత్తగా బడిలో చేరినప్పుడు వాచకంలో మాటలు అర్థమయ్యేవి కావు. బొమ్మ చూసి కథ ఊహించుకునేవాణ్ణి. అందుకే బొమ్మలు వేసిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాను.

వడ్డాది పాపయ్య గారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామమూర్తి గారు డ్రాయింగు మాస్టారు. ఆయనే మొదటి గురువు. పాపయ్య గారు కూడా అనకాపల్లి దగ్గరి కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు.

1947 జులైలో మద్రాసు నుంచి 'చందమామ' మాసపత్రిక మొదలైంది. తర్వాతి రోజుల్లో దాని అట్టలకు పాపయ్య గారు ఏళ్ల తరబడి పురాణ కథల బొమ్మలు వేశారు. బొమ్మ మీద 'వ.పా.' అని సంతకం ఉండేది. 1992 డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు.

కథలో ఎన్నో సంగతులు జరుగుతాయి. బొమ్మలో ఒక్క క్షణమే పడుతుంది. అది ఏదో ముందే ఎంచుకోవాలి. కుందేలు, సింహం కథ ఉంది కదా! సింహం దూకినాక వేస్తే ఉత్త బావి కనిపిస్తది. తొంగిచూసేటప్పుడు వేస్తే? "అయ్యో, తర్వాత ఏమైతది?" అని కథ చదవాలనిపిస్తది.

వచ్చే సంచికకు తండాలో అవ్వ చెప్పిన కథ ఒకటి తీసుకొని, ఒక్క క్షణం ఎంచుకొని బొమ్మ వేసి ఇవ్వండి. ఇంకా తెలుగు రాని తమ్ముళ్లు మన గోడపత్రికలో ముందు చదివేది దాన్నే.