లాండెన్‌బెర్గ్: కోట పోయినా నిలిచిన కొండ

స్విట్జర్లాండ్‌లోని ఓబ్‌వాల్డెన్ రాష్ట్ర (కాంటన్) రాజధాని సార్నెన్. ఆల్ప్స్ లోయలోని ఈ పట్టణాన్ని ఆనుకుని లాండెన్‌బెర్గ్ కొండ ఉంది. ఒకప్పుడు దీనిపై పెద్ద కోట ఉండేది. ఇప్పుడు కొన్ని గోడల ఆనవాళ్లే మిగిలాయి.

ముఖ్యాంశాలు

• నిర్మాణం: 11వ శతాబ్దంలో. లెంజ్‌బర్గ్ ప్రభు వంశంతో దీనికి సంబంధం ఉంది. ఆ వంశం 1173లో అంతరించింది.

• జానపద గాథ: క్రిస్మస్ రోజున కానుకలు తెస్తున్నట్లు నటిస్తూ రైతులు లోపలికి వెళ్లి, క్రూరుడైన అధికారి కోటను పట్టుకున్నారని ‘సార్నెన్ శ్వేత గ్రంథం’ చెబుతుంది. సుమారు 1470 నాటి ఈ గ్రంథంలోనే స్విస్ జానపద వీరుడు విలియం టెల్ కథ తొలిసారి కనిపిస్తుంది.

• చారిత్రక ఆధారం: 13వ శతాబ్దం ఆరంభానికే కోటను వదిలేశారని పురావస్తు పరిశోధన తేల్చింది. స్విస్ సమాఖ్య ఒప్పందం కుదిరింది 1291లో. అంటే ఆ కాలానిదిగా చెప్పే రైతుల తిరుగుబాటు కథకు చాలాముందే కోట ఖాళీ అయింది. గాథనూ చరిత్రనూ విడదీసి చదవడం అభ్యర్థులకు చాలా అవసరం.

• తరువాతి ప్రాధాన్యం: 1646 నుంచి 1998 వరకు ఓబ్‌వాల్డెన్ పౌరుల బహిరంగ సభ ‘లాండ్స్‌గెమైండె’ ఇక్కడే జరిగింది. ప్రభువులు ఏలిన చోటే ప్రజలు చేతులెత్తి చట్టాలు చేసుకున్నారు. ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి ఇంతకన్నా గొప్ప ఉదాహరణ అరుదు.

మాదిరి ప్రశ్న

లాండ్స్‌గెమైండె రాష్ట్ర స్థాయిలో నేటికీ కొనసాగుతున్న స్విస్ కాంటన్లు ఏవి?

జవాబు: గ్లారుస్, అపెంజెల్ ఇన్నర్‌రోడెన్.