వేళ తప్పిన విందు

ఉద్దేశం

భూతాపం పెరుగుదల వలన జీవుల ఋతుక్రమంలో కలుగుతున్న మార్పులను, వాటి పర్యవసానాలను విద్యార్థులకు తెలియజేయడం.

పాఠ్యభాగం

తొలకరి జల్లులకు నేల తడవగానే చేలగట్ల మీద ఎర్రని మఖమలు పూసల వలె ఆరుద్ర పురుగులు ప్రత్యక్షమవుతాయి. తెలుగు రైతు వాటికి కార్తె పేరే పెట్టాడు. ఏడాదిని 27 కార్తెలుగా విభజించుకొని, దుక్కికీ విత్తనానికీ కోతకూ వేళలు నిర్ణయించుకొన్న ఆ రైతుకు చెట్టు చిగురు, పక్షి రాక, పురుగు పుట్టుక కూడా పంచాంగంలోని భాగాలే. కాని ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆరుద్ర కార్తె ఏటా జూన్ 22 ప్రాంతంలోనే ప్రవేశిస్తుంది. ఆరుద్ర పురుగు మాత్రం తేదీని చూసి రాదు, వానను చూసి వస్తుంది.

ప్రకృతిలోని ప్రతి జీవి ఈ విధంగానే ఏదో ఒక సంకేతాన్ని అనుసరించి పూస్తుంది, గూడు కడుతుంది, వలస పోతుంది. ఆ వేళలను పరిశీలించే శాస్త్రమే ఫెనాలజీ. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ మార్షమ్ 1736లో వసంతాగమన చిహ్నాలను నమోదు చేయడం ప్రారంభించగా, ఆయన వంశీయులు 1958 వరకు ఆ పనిని కొనసాగించారు. జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీపూలు విరబూసిన తేదీలు 9వ శతాబ్దం నుండి లభిస్తున్నాయి. 2021లో అవి మార్చి 26నే పూర్తిగా వికసించాయి. పన్నెండు వందల ఏళ్ల ఆ చరిత్రలో అంతకుముందెన్నడూ అవి అంత త్వరగా పూసిన దాఖలా లేదు.

దీనికి ప్రధాన కారణం భూతాపం. 1850-1900 మధ్యకాలంతో పోలిస్తే 2011-2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ అధికంగా నమోదయింది. అయినా, పూలు కొన్నాళ్లు ముందుగా పూస్తే నష్టమేమిటన్న సందేహం కలుగవచ్చు. నష్టం ముందుగా పూయడంలో లేదు. ఒకదానిపై ఒకటి ఆధారపడిన జీవులు ఒకే వేగంతో ముందుకు జరగకపోవడంలో ఉంది. నెదర్లాండ్స్ దేశంలోని ఒక చిన్న పక్షి కథ ఈ సత్యాన్ని నిరూపిస్తుంది.

ఆ పక్షి పేరు పైడ్ ఫ్లైక్యాచర్. బరువు పదిహేను గ్రాములైనా ఉండదు. శీతకాలాన్ని పశ్చిమాఫ్రికాలో గడిపి, సహారా ఎడారిని దాటి, వసంతంలో ఐరోపా అడవులకు చేరి గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టే నాటికి ఓక్ చెట్ల లేత చిగుళ్లపై గొంగళిపురుగులు పుష్కలంగా ఉంటాయి. ఆ విందు కొద్ది వారాలే. ఆకులు ముదిరి, పురుగులు చెట్టు దిగి నేలలో చేరగానే అది ముగుస్తుంది.

ఇక్కడ రెండు గడియారాలు పనిచేస్తున్నాయి. ఓక్ చిగురు, గొంగళిపురుగు వసంతపు వెచ్చదనాన్ని అనుసరిస్తాయి. ఆఫ్రికాలోని పక్షికి ఐరోపా వాతావరణం తెలియదు. తనలోని సహజ కాలజ్ఞానాన్ని, పగటి నిడివిని నమ్ముకొని అది బయలుదేరుతుంది. భూమి ఎంత వేడెక్కినా పగటి నిడివి మారదు. కనుక పురుగుల గడియారం ముందుకు జరిగింది, పక్షి గడియారం వెనుకబడింది. ఫ్లైక్యాచర్లు గూటికి చేరిన వెంటనే గుడ్లు పెట్టి కొంత కాలాన్ని కలుపుకొన్నా, విందు అంతకంటే ముందే ముగియసాగింది. క్రిస్తియాన్ బోట్, ఆయన సహచరులు 2006లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, గొంగళిపురుగులు మరీ ముందుగా వచ్చే ప్రాంతాలలో రెండు దశాబ్దాల కాలంలో ఈ పక్షుల సంఖ్య సుమారు 90 శాతం క్షీణించింది. అడవి ఉంది, చెట్టు ఉంది, పురుగూ ఉంది. వేళ ఒక్కటే తప్పింది.

అయితే ప్రకృతి పూర్తిగా నిస్సహాయురాలు కాదు. జర్మనీలోని ఫ్లైక్యాచర్లపై జరిపిన ప్రయోగాల ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ముందుతరాలతో పోలిస్తే ఈ పక్షుల సహజ కాలజ్ఞానం కొంత ముందుకు జరిగినట్లు అవి తెలిపాయి. కాని తరతరాలుగా మెల్లగా సాగే ఈ సర్దుబాటు, శరవేగంతో మారే వాతావరణాన్ని అందుకోవడం కష్టం.

ఇటువంటి బంధాలు తెలుగు నేల మీదా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచి గ్రామానికి తొలకరి వేళ కొంగలు తరలివచ్చి, ఇళ్ల నడుమనే చెట్లపై గూళ్లు కడతాయి. వాటి పిల్లలకు ప్రధానాహారం వాన నీరు నిలిచిన పొలాలలోని నత్తలు. అంటే ఆ గూటి క్షేమం వాన వేళపై ఆధారపడి ఉంది. ఏ బంధం ఎప్పుడు సడలుతున్నదో తెలియాలంటే ఏటేటా వ్రాసి ఉంచిన లెక్కలు కావాలి. భారతదేశంలో 2010లో ప్రారంభమైన సీజన్‌వాచ్ కార్యక్రమంలో విద్యార్థులు తమ పరిసరాలలోని చెట్లు చిగిర్చే, పూచే, కాచే వేళలను నమోదు చేస్తున్నారు. కళాశాల ఆవరణలోని వేపచెట్టు ఏనాడు పూసిందో ఒక విద్యార్థి వ్రాసుకొన్న తేదీ నేడు అల్పంగా తోచవచ్చు. ముప్పై ఏళ్ల తరువాత అదే సాక్ష్యమవుతుంది.

కఠిన పదాలు

పర్యవసానం = చివరి ఫలితం
దాఖలా = నిదర్శనం
నిడివి = పొడవు, కాలపరిమాణం
క్షీణించు = తగ్గిపోవు

ప్రశ్నలు

1. ఆరుద్ర కార్తెకు, ఆరుద్ర పురుగు రాకకు గల భేదమేమి?
2. ‘రెండు గడియారాలు’ అనడంలోని అంతరార్థాన్ని వివరించండి.
3. ఫ్లైక్యాచర్ పక్షుల సంఖ్య క్షీణించడానికి గల కారణాలను విశ్లేషించండి.
4. మీ ఊరిలో ఋతువు రాకను సూచించే చెట్టు, పక్షి లేదా పురుగును గురించి పది వాక్యాలు వ్రాయండి.