పిల్లి సమస్య పట్టేస్తే... వెటర్నరీలో పట్టు!

‘మా పిల్లి ఉన్నట్టుండి సోఫా మీద మూత్రం పోస్తోంది డాక్టర్!’ పెంపుడు జంతువుల క్లినిక్‌లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. కొందరు దాన్ని పొగరనుకుని కొడతారు, ఇంకొందరు వీధిలో వదిలేస్తారు. నిజానికి అది జబ్బు కావచ్చు, బెదురు కావచ్చు, హద్దు గీసుకోవడం కావచ్చు. ఏదన్నది తేల్చగలిగితేనే పిల్లుల వైద్యంలో పేరొస్తుంది. వెటర్నరీ వైపు చూస్తున్న బైపీసీ విద్యార్థులు ఈ పని తీరు ముందే తెలుసుకోవడం మంచిది.

పనిలో మెలకువ

నిలబడి, తోక నిటారుగా లేపి గోడకో తలుపుకో కొద్దిగా చిమ్మితే అది హద్దు గుర్తు. సంతాన నిరోధక ఆపరేషన్ చేయించని గండుపిల్లుల్లో ఇది ఎక్కువ. ఆపరేషన్ తర్వాత దాదాపు 90 శాతం మగపిల్లుల్లో తగ్గుతుంది. కూర్చుని పరుపు మీదో నేల మీదో ఎక్కువగా పోస్తే మాత్రం ముందు మూత్ర పరీక్ష చేయాల్సిందే.

‘మలబద్ధకం అనుకుంటా, మలమూత్రాల ట్రేలో కూర్చుని ముక్కుతోంది’ అని మగపిల్లి యజమాని ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మనాలి. మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలో జిగురో అడ్డుపడి మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణమే పోవచ్చు.

మూత్ర సమస్యతో వచ్చే చాలా పిల్లుల్లో రాళ్లూ ఇన్‌ఫెక్షనూ కనిపించవు. మూత్రాశయం వాపునకూ ఒత్తిడికీ ఉన్న సంబంధాన్ని అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ పరిశోధనలు వెలుగులోకి తెచ్చాయి. అందుకే డాక్టర్ ఇంటి సంగతులూ అడగాలి: కొత్త పిల్లి వచ్చిందా? నీళ్లు బాగా తాగుతోందా? ట్రేలు ఎన్ని ఉన్నాయి? పిల్లులెన్నో అంతకంటే ఒక ట్రే ఎక్కువ ఉండాలన్నది వైద్యులిచ్చే సలహా.

చదువు ఇలా

ఇంటర్ బైపీసీ తర్వాత బీవీఎస్సీ అండ్ ఏహెచ్ చేయాలి. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో, తెలంగాణలో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో కళాశాలలున్నాయి. 15 శాతం అఖిల భారత కోటా సీట్లను నీట్ ర్యాంకుతో వెటర్నరీ కౌన్సిల్ భర్తీ చేస్తుంది. రాష్ట్ర సీట్ల కోసం ఏటా వర్సిటీ నోటిఫికేషన్ చూసుకోవాలి. కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితేనే ప్రాక్టీస్ చేయొచ్చు. తర్వాత మెడిసిన్‌లోనో సర్జరీలోనో రెండేళ్ల ఎంవీఎస్సీ చేస్తే నైపుణ్యం పెరుగుతుంది.

పదో తరగతితో పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసినవారు డాక్టర్ పర్యవేక్షణలో సహాయక సేవలు అందించవచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

* సిలబస్‌లో పశువులు, గొర్రెలు, కోళ్లదే పెద్ద వాటా. పిల్లుల మీద ఆసక్తి ఉంటే ఇంటర్న్‌షిప్‌లో వీలైనంత కాలం పెంపుడు జంతువుల విభాగంలో గడపండి.
* అల్ట్రాసౌండ్, కాథెటర్ వేయడం, మూత్రాన్ని మైక్రోస్కోప్ కింద చూడటం చేతికి అలవడాలి.
* ప్రభుత్వ కొలువులు ఎక్కువగా పాడిపశువుల చుట్టూ ఉంటాయి. పిల్లుల వైద్యానికి నగరాల్లోని ప్రైవేటు క్లినిక్‌లు, సొంత ప్రాక్టీసే ప్రధాన మార్గం.
* యజమాని చెప్పేది ఓపిగ్గా వినడం నేర్చుకోండి. పిల్లి బాధ దాచుకుంటుంది, సగం రోగ నిర్ధారణ ఆ మాటల్లోనే దొరుకుతుంది.