సౌరజ్వాల పుట్టిన క్షణం ఏది?

వానకాలంలో మెరుపు మెరవగానే మా బాపు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నిలబడేవాడు. ఉరుము వినబడేలోగా ఎంత లెక్క వచ్చిందో దాన్నిబట్టి పశువుల్ని కొట్టంలోకి తోలడమా, ఇంకొంచెం ఆగడమా తేల్చుకునేవాడు. ఒకే సంఘటన, రెండు కబుర్లు, రెండు వేళలు. సూర్యుణ్ణి చదివే శాస్త్రజ్ఞులు చేసేదీ దాదాపు ఇదే.

సూర్యునిపై మచ్చల దగ్గర మెలికపడిన అయస్కాంత బలరేఖలు తెగి మళ్ళీ కలిసేటప్పుడు ఒక్కసారిగా వెలువడే శక్తే సౌరజ్వాల. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో కారింగ్టన్ మచ్చల బొమ్మ గీస్తూ మొదటిసారి దాన్ని చూశాడు. ఎవరికైనా చూపిద్దామని పరుగెత్తి నిమిషంలోపే తిరిగొస్తే, అప్పటికే వెలుగు సన్నగిల్లిందట!

మరి జ్వాల ఎప్పుడు మొదలైనట్టు? ఇక్కడే తిరకాసు. వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు కింది దట్టమైన పొరను ఢీకొన్నప్పుడు కఠిన ఎక్స్-కిరణాలు పుడతాయి. ఆ తాకిడికి వేడెక్కిన వాయువు పైకి లేచి మృదు ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. మా బావి దగ్గర మోటారు వేసినట్టే అనుకోండి. పైపులో ధార కఠిన కిరణం, గోలెంలో నీటిమట్టం మృదు కిరణం. ధార సన్నబడుతున్నా మట్టం పెరుగుతూనే ఉంటుంది. మట్టం పెరిగే వేగాన్ని గ్రాఫు గీస్తే వచ్చేది ధార గ్రాఫే. మనం పరీక్ష కోసం బట్టీపట్టే అవకలనం ఇదేగదా! ఈ సంబంధాన్ని 1968లో న్యూపర్ట్ గుర్తించాడు. అన్ని జ్వాలలూ ఈ లెక్కకు లొంగవనుకోండి.

జ్వాలల పట్టికల్లో సాధారణంగా రాసేది మృదు కిరణాల శిఖర సమయం. అంటే గోలెం నిండిన వేళే తప్ప మోటారు వేసిన వేళ కాదు. అందుకే రెండింటినీ కలిపి చూడాలి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1లో సోలెక్స్ మృదు కిరణాలను, హీలియోస్ కఠిన కిరణాలను కొలుస్తాయి. రెండూ బెంగళూరులో తయారైనవే. ఇంకా దారిలో ఉండగానే, అక్టోబరు 29న, హీలియోస్ జ్వాల తొలి విజృంభణను పట్టేసింది.

ఇదంతా చెబితే బాపు ఒక్కటే అడిగాడు: "ముందే తెలుస్తదా బిడ్డా?"

జ్వాల వెలుగు మన దగ్గరికి రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు. కబురూ అదే, జ్వాలా అదే కనుక ముందుగా తెలిసేది లేదు. మచ్చల మెలికను చూసి ఎంత అవకాశముందో అంచనా కట్టడమే. కొన్ని జ్వాలలతోపాటు బయలుదేరే ప్లాస్మా మబ్బుకు మాత్రం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఉపగ్రహాలు, కరెంటు లైన్లు చూసుకునేవాళ్ళకు దొరికే వ్యవధి అంతే. 1859లో అది పదిహేడున్నర గంటల్లోనే వచ్చేసింది.