కొండ మీద చలి: చెమటతోనే జాగ్రత్త

శీతకాలంలో పిల్లలతో లంబసింగి, వంజంగి వెళ్ళే కుటుంబాలు చాలా ఉన్నాయి. మైదానంలో ఉండే మనకు చలి అంటే దుప్పటి కప్పుకుంటే పోయేదే. కొండ లెక్క వేరు. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగి దాదాపు ఆ ఎత్తునే ఉంది.

వంజంగిలో మేఘాల మీద సూర్యోదయం చూడాలని అందరూ చీకట్లోనే కొండ ఎక్కుతారు. ఎక్కుతుంటే చెమట పడుతుంది. నూలు బనియన్ దాన్ని పీల్చుకొని తడిగానే ఉంటుంది. పైకి చేరి గాలిలో నిలబడగానే ఆ తడి ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అంటే, ఎక్కేటప్పటి కన్నా ఆగినప్పుడే ప్రమాదం ఎక్కువ. అందుకే స్వెటరు సంచిలో పెట్టుకొని ఎక్కాలి. ఆగగానే పొడి బనియన్ మార్చుకొని, స్వెటరు, ఆపైన గాలి చొరని రెయిన్ కోటు వేసుకోవాలి. ఫోటోలయ్యాక వేసుకుంటామంటారు పిల్లలు, వినకూడదు. ప్రతి సంచిలో పొడి బనియన్ ఉందో లేదో మేము బస్సు ఎక్కకముందే చూస్తాం.

శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే హైపోథెర్మియా. వణుకు, మాట తడబడటం, నడక తూలడం దాని గుర్తులు. వణుకు ఆగి పిల్లవాడు మగతగా ఉంటే చలి తగ్గిందనుకోరాదు, పరిస్థితి ముదిరినట్లే. గాలి తగలని చోట తడిబట్టలు తీసి, దుప్పటి చుట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. బాగా తెలివిలో ఉంటేనే వేడి తీపి టీ పట్టాలి. కాళ్ళూ చేతులూ రుద్దరాదు.

మూసిన గదిలో, గుడారంలో కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట ఆరుబయటే వేసుకొని, నీళ్ళు చల్లి ఆర్పాకే లోపలికి వెళ్ళాలి.