వానాకాలం సలహాలు: చెలక గట్టు మీది డ్రాగన్

మృగశిర కార్తెలో ఉస్మాన్‌గంజ్ టోకు బజారుకు వచ్చే రైతుకు రెండు పనులుంటాయి. ఇంట్లో నిలవ ఉన్న సరుకును టోకు దుకాణంలో తూకం వేయించి అమ్ముకోవాలి. వచ్చే పంటకు కావలసినవి కొనుక్కోవాలి. తిరుగు ప్రయాణంలో సంచిలో ఎలుకల మందు పొట్లం కూడా ఉంటుంది. గంజ్‌లోని గోదాముల్లో ఎలుకలకు బోన్లు పెడతారు, పిల్లుల్ని పెంచుకుంటారు. మీ పొలంలో ఆ పని జీతం బత్తెం లేకుండా చేసే జంతువు ఒకటుంది. ఈసారి సలహాలన్నీ దాని గురించే. అది ఉడుము.

పిల్లలు ఇప్పుడు సినిమాల్లో, సీరియళ్లలో డ్రాగన్లను చూస్తున్నారు. ఒంటినిండా పొలుసులు, చీలిన నాలుక, కొరడా లాంటి తోక, దగ్గరికి వెళ్తే బుస, నేలలోపల కాపురం. నోట్లో నిప్పు, వీపున రెక్కలు తీసేయండి. మిగిలిందంతా మీ చెలక గట్టు మీద పొద్దున్నే ఎండ కాచుకుంటూ కనిపిస్తుంది. ఇండోనేషియా దీవుల్లోని కొమొడో డ్రాగన్‌కూ మన ఉడుముకూ ప్రజాతి ఒకటే, దాని పేరు వారనస్. కొమొడోను 1912లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అది మూడు మీటర్ల దాకా పెరిగి జింకల్ని వేటాడుతుంది. మన ఉడుము తోకతో కలిపి 175 సెంటీమీటర్లకు మించదు, అందులో సగానికి పైగా తోకే. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ ఆఫెన్‌బర్గ్ కొమొడో మీద 1981లో, మన ఉడుము మీద 1994లో పెద్ద పుస్తకాలు వెలువరించారు. కొమొడోకు ఇచ్చినంత శ్రద్ధ మన ఊరి ఉడుముకూ ఇచ్చిన మనిషి ఆయన.

ఉడుము పగటి జీవి. ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు కాబట్టి పొద్దున ఎండలో ఒళ్లు కాచుకున్నాకే వేటకు బయలుదేరుతుంది. చలికాలంలో బొరియ విడిచి రావడం తక్కువ. నడుస్తూ మాటిమాటికీ నాలుక బయటికి చాపడం మీరు చూసే ఉంటారు. గాలిలోని వాసనను నాలుక రెండు కొనలతో పట్టి, అంగిట్లో ఉన్న ప్రత్యేక అవయవానికి అందిస్తుంది. ఏ కొనకు వాసన ఎక్కువ తగిలితే అటు తిరుగుతుంది. మట్టి కింద దాగిన పురుగు జాడ దానికి అలాగే తెలుస్తుంది. తెలిశాక ముందుకాళ్ల గోళ్లతో తవ్వి తీస్తుంది. నీళ్లంటే భయం లేదు, పదిహేను నిమిషాలకు పైగా మునిగి ఉండగలదు. తరిమితే చెట్టెక్కుతుంది.

రైతుకు లాభమంతా దాని తిండిలో ఉంది. పెంకు పురుగులు, వాటి పిల్ల పురుగులు, మిడతలు, తేళ్లు, నత్తలు, ఎండ్రకాయలు, ఎలుక పిల్లలు, పాములు, పాము గుడ్లు అన్నీ తింటుంది. పెద్ద ఉడుము తిండిలోనూ పురుగుల వాటానే ఎక్కువ. వేరుశనగ, చెరకు వేసేవాళ్లకు వేరు పురుగు పెట్టే బాధ చెప్పనక్కర్లేదు. తొలకరి పడగానే దాని తల్లి పెంకు పురుగులు మట్టిలోంచి లేచి రాత్రిళ్లు వేప, రేగు ఆకుల మీద వాలి తింటాయి. ఆ వేళలో కొమ్మలు దులిపి, రాలిన పురుగుల్ని కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయడం పాత పద్ధతే, ఇప్పటికీ మంచి పద్ధతి. పొద్దున మట్టిలోకి దూరిన వాటి సంగతి ఉడుము చూసుకుంటుంది. పెంటకుప్పలో పెరిగే కొమ్ము పురుగు పిల్లల్ని కూడా తవ్వుకుని తింటుంది. పెంటకుప్పను ఉడుము కెలికిందని రాయి విసరకండి. వరి గట్లకు చిల్లులు పెట్టే ఎండ్రకాయలు తగ్గడంలోనూ దానికి భాగముంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉడుములు జతకట్టి గుడ్లు పెట్టే కాలం. రెండు మగ ఉడుములు వెనకకాళ్ల మీద నిలబడి ఒకదాన్నొకటి పట్టుకుని కుస్తీ పడతాయి. చూసినవాళ్లు మీదికి వస్తాయని భయపడి కర్ర తీస్తారు. ఆ పోట్లాట వాటి మధ్యనే, దూరంగా ఉండండి, కాసేపటికి అవే విడిపోతాయి. ఆడది నేలలోగానీ, గట్టు పక్కగానీ గుంత తవ్వి ఇరవై దాకా గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో అదిమి గట్టిపరుస్తుంది. దొంగల్ని ఏమార్చడానికి పక్కనే ఉత్త గుంతలు కూడా తవ్వి వదులుతుంది. ఒక్కోసారి చెదపుట్టలోనే గుడ్లు పెడుతుంది. గుడ్లు పిల్లలవడానికి ఐదున్నర నుంచి ఎనిమిది నెలలకు పైగా పడుతుంది. అంటే ఈ వానలకు పెట్టిన గుడ్లు చలికాలమంతా మట్టిలోనే ఉండి, యాసంగి పంట చివర్లోనో వేసవి దుక్కుల వేళకో పిల్లలవుతాయి.

కాబట్టి గట్టు మీది పుట్టను ట్రాక్టరుతో చదును చేసే ముందు ఆలోచించండి. మా పెద్దలు నాగుల పంచమికి పుట్టలో పాలు పోసి, ఏడాది పొడుగునా దాని జోలికి వెళ్లేవారు కాదు. ఆ భక్తి వల్ల పాములతోపాటు ఉడుములూ బతికాయి. చేను నడుమ పుట్ట అడ్డమైతే తీయక తప్పదు, ఒప్పుకుంటాను. గట్టు మీది పుట్టను, దాని చుట్టూ రెండు గజాల పొదను మాత్రం వదిలేయండి. దుక్కిలో తెల్లటి మెత్తని పెంకు గుడ్లు బయటపడితే తిప్పకుండా, పైవైపు పైకే ఉండేలా పక్కన పెట్టి తడిమట్టి కప్పండి.

ఇక ఎలుకల మందు సంగతి. మందే వద్దని నేననను. పందికొక్కు పొట్ట దశలో వరిని కొరికితే ఎంత పోతుందో మీకు తెలుసు. వాడే తీరు మార్చుకోండి. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసేయండి. పొద్దున తెరుచుకున్న వాటిలోనే ఎలుక ఉన్నట్టు. అప్పుడు కూడా ఒకసారి వంగి చూడండి. ఎలుక బొరియ ముందు గుల్ల మట్టి కుప్ప, కొరికిన పిలకలు, పెంటికలు ఉంటాయి. ఉడుము బొరియ ముందు తోక ఈడ్చిన గీత, దానికి రెండు పక్కలా గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. అందులో మందు పెట్టకండి, పొగ పెట్టకండి.

బ్రోమాడయోలోన్ ఎరకు నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, 0.25 శాతం మందు పొడి 2 పాళ్లు కలపాలి. 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లం కట్టి బొరియ లోపలికి తోయాలి. గట్టు మీద చల్లకూడదు. జింక్ ఫాస్ఫైడ్ అయితే పాళ్లు అవే, కానీ ముందు మందు కలపని నూకలతో రెండు రోజులు అలవాటు చేసి, తర్వాత పది గ్రాముల పొట్లం పెట్టాలి. దీనికి విరుగుడు లేదు. చేతికి తొడుగు లేకుండా కలపకండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరిగి గుడ్లగూబకో, పిల్లికో, ఉడుముకో సులువుగా దొరుకుతుంది, దాని ఒంట్లోని మందు వీటికీ చేరుతుంది. అందుకే వారం పదిరోజులు పొద్దున్నే పొలం చుట్టి వచ్చి, చచ్చిన ఎలుకల్ని లోతుగా పాతిపెట్టాలి. ఈ ఒక్క పని చాలామంది చేయరు, చేయాల్సింది ఇదే. మందుల సంగతిలోనే ఇంకొకటి: ఫోరేట్ పురుగుమందు గుళికలు 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. ఎవరైనా పాత సరుకు ఉందని చాటుగా ఇచ్చినా తీసుకోకండి.

కోళ్ల గూడు ఉన్నవాళ్ల ఫిర్యాదు నిజమే. ఉడుము కోడిగుడ్లు తింటుంది, కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుంది. గూటికి కింది నుంచి మూడడుగుల ఎత్తు దాకా సన్నకన్ను ఇనుప జాలీ కొట్టి, జాలీ అంచును అడుగు లోతు మట్టిలో పాతండి. గుడ్లు మధ్యాహ్నంలోపే తీసేయండి. కూరగాయల మళ్ల చుట్టూ కట్టే పాత చేపల వల మాత్రం వద్దు. ఉడుము, పాము అందులో చిక్కుకుని ఎండకు చస్తాయి. వాడకంలో లేని బావిలోకి ఒక పొడుగాటి కొమ్మ ఏటవాలుగా దించి ఉంచితే పడ్డది ఎక్కి వస్తుంది.

కరుస్తుందా అంటే, పట్టుకుంటే కరుస్తుంది. ముందు ఒళ్లు ఉబ్బించి బుసకొడుతుంది, తర్వాత తోకతో కొడుతుంది, దారి లేకపోతేనే పళ్లు వాడుతుంది. మన ఉడుము తనంతట తాను మనిషి మీదికి రాదు. అయినా కరిచిందంటే గాయాన్ని సబ్బుతో ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్లండి, పసరు కట్టి ఇంట్లో కూర్చోకండి. బొరియలోకి దూరినదాన్ని తోక పట్టి లాగడం తెలివితక్కువ పని. ఒళ్లు ఉబ్బించి గోళ్లు దిగేసుకుంటే కదలదు. ఉడుంపట్టు అని ఊరికే అనలేదు.

గంజ్‌కు వచ్చిన రైతుకు ఇంకో మాట. ఏ ఊరి కాలిబాట మీదైనా నడుము నొప్పికి ఉడుము నూనె అని, ఇంట్లో సిరి నిలవడానికి హత్థా జోడీ అని అమ్మేవాళ్లు ఎదురుకావచ్చు. హత్థా జోడీ అడవి మొక్క వేరని చెబుతారు. అది మగ ఉడుము జననాంగాన్ని కోసి ఎండబెట్టినదని 2017లో బయటపడింది. నూనెతో నడుము నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం లేదు. కంజీరా వాద్యానికి ఉడుము తోలు బిగించే ఆచారం పూర్వం నుంచీ ఉంది, ఇప్పుడు మేకతోలు, కృత్రిమ తోలు వచ్చాయి. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. చంపినా, అమ్మినా, కొన్నా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, తక్కువలో తక్కువ ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా.

ఈ వానాకాలం మీ గట్టు మీద ఉడుము కనబడితే పక్కకు తప్పుకుని దారివ్వండి. ఇంట్లోకి వస్తే తలుపు తెరిచి ఉంచి, పిల్లల్నీ కుక్కనూ దూరంగా పెట్టండి. పోకపోతే అటవీ శాఖ వాళ్లకు కబురు చేయండి.